పాస్‌బుక్కులో ఉన్నవాడా, పొలంలో ఉన్నవాడా?



ఈసారి మేము రాస్తున్నది కొందరికి నచ్చదు. చదవడం మధ్యలో ఆపేయాలనిపిస్తే ఆపకండి. చివరిదాకా చదివి, ఆ తరువాత మా మీద కోపపడండి. ముందుగా చెప్పేస్తున్నాం, ఇందులో మొదటి ముద్దాయిలం మేమే.

2025 ఆగస్టు 2, శనివారం. ఆ రోజు ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలో అన్నదాత సుఖీభవ పథకం మొదలైంది. రాష్ట్రం తరఫున 5,000, పీఎం కిసాన్ కింద కేంద్రం తరఫున 2,000, కలిపి 7,000 మా ఖాతాలో పడ్డాయి. ఫోనులో మెసేజి చూసి "ప్రభువుకు స్తోత్రం" అనుకున్నాం. మరునాడు ఆదివారం, బల్ల ఆరాధన. కృతజ్ఞతార్పణ కవర్లు మామూలుకంటే ఎక్కువే వచ్చాయి. మూడు కవర్ల మీద "ప్రభుత్వం వారి రైతు డబ్బులు వచ్చినందుకు" అని రాసి ఉంది. మేము వేదిక మీదనుంచి చదివాం. సంఘమంతా ఆమేన్ అన్నది.

ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ వారం పొలంలో కాలు పెట్టలేదు. ఒకరు విజయవాడలో ఉంటారు, ఒకరు హైదరాబాదులో పిల్లల దగ్గర ఉంటూ కవరు పంపించారు, ఒకరు ఊళ్లోనే ఉన్నా పొలం కౌలుకిచ్చి పదేళ్లు దాటింది. వాళ్ల చేలల్లో దమ్ము చేయించి, నారు పీకించి, నాట్లు వేయిస్తున్న మనుషులు వెనక వరుసల్లో చాపల మీద కూర్చున్నారు. వాళ్లూ ఆమేన్ అన్నారు. అందులో ఒకతను ఆరాధన అయ్యాక మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, యూరియా కట్టలకి ఓ నాలుగు వేలు సర్దుతారా, మినుము అమ్మాక ఇచ్చేస్తాను" అని అడిగాడు.

అతను మా పొలం కౌలుకు చేసే తమ్ముడు. రైతు పెట్టుబడి కోసం ప్రభుత్వం వేసిన 7,000 మా జేబులో ఉన్నాయి. పెట్టుబడి పెట్టవలసిన రైతు మమ్మల్ని అప్పు అడుగుతున్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పట్టకపోవడమే మంచిదైంది.

ప్రియులారా, ఈ డబ్బు ఎందుకు ఇస్తున్నారు? పథకం పేర్లలోనే జవాబు ఉంది. 2019 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం కిసాన్ మొదలుపెట్టింది. ఏడాదికి 6,000, మూడు విడతలుగా 2,000 చొప్పున. అదే ఏడాది అక్టోబరు 15న రాష్ట్రంలో రైతు భరోసా వచ్చింది. కేంద్రం ఇచ్చే 6,000కు రాష్ట్రం 7,500 కలిపి 13,500 అన్నారు. ఇప్పుడు ప్రభుత్వం మారాక అన్నదాత సుఖీభవ అన్నారు. కేంద్రం వాటాతో కలిపి ఏడాదికి 20,000. పార్టీలు మారాయి, రంగులు మారాయి, పేర్లు మారాయి. కానీ అన్ని పేర్లలోనూ చెప్పేది ఒకటే. ఇది విత్తనానికి, ఎరువుకు, కూలికి పెట్టుబడిగా, అన్నం పండించేవాడి చేతిలో ఉండవలసిన డబ్బు.

మరి అన్నం పండించేవాడెవరు? ఇక్కడే అందరం కలిసి ఒక అబద్ధం ఆడుతున్నాం. పీఎం కిసాన్ నిబంధనలలో రైతు అంటే భూమి రికార్డులో పేరున్నవాడు. ఆదాయపు పన్ను కట్టేవారిని తీసేశారు, నెలకు 10,000 అంతకు మించి పింఛను తీసుకునేవారిలో ఎక్కువమందిని తీసేశారు. కానీ "నువ్వు పొలంలో దిగుతున్నావా?" అని మాత్రం ఎక్కడా అడగలేదు. పేరు కాగితంలో ఉంటే చాలు. పక్కన తెలంగాణలోనూ అంతే జరిగింది. 2018 మే నెలలో రైతుబంధు పెట్టి ఎకరానికి ఇంత అని లెక్కకట్టి ఇచ్చారు. ఎన్ని ఎకరాలుంటే అంత డబ్బు. సెంటు భూమి లేకుండా సాగు చేసేవాడికి సున్నా.

మన డెల్టా సంగతి మీకు వేరే చెప్పాలా? 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. 1957లో ఆ స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల నీళ్లతో ఈ నేల బంగారమైంది. ఆ బంగారంతోనే పిల్లలు చదువుకున్నారు, బెజవాడలో ఇళ్లు కట్టుకున్నారు, హైదరాబాదు వెళ్లారు, సముద్రాలు దాటారు. తప్పు లేదు, అది దేవుని ఆశీర్వాదమే. అయితే మనుషులు వెళ్లారు గాని పొలాలు ఎక్కడికీ వెళ్లలేదు. వాటిని ఇప్పుడు చేస్తున్నది ఎక్కువగా భూమి లేనివాళ్లు, లేదా అరెకరం ఉండి మరో నాలుగెకరాలు కౌలుకు తీసుకునేవాళ్లు. ఉయ్యూరు నుంచి పామర్రు మీదుగా అవనిగడ్డ దాకా బస్సులో వెళ్తూ ఏ గట్టు దగ్గరైనా దిగి అడగండి, "ఈ చేను ఎవరిది?" అని. ఒక పేరు చెబుతారు. "ఎవరు చేస్తున్నారు?" అని అడగండి. ఇంకో పేరు చెబుతారు.

మా ఎకరం లెక్క మీ ముందు పెడతాం. దాచుకోవడానికేమీ లేదు. మంచి ఏడాది తొలకరి పంటలో మా ఎకరం 32 బస్తాలు పండింది. మక్తా 22 బస్తాలు. అది మాకు. మిగిలిన 10 బస్తాలు ఆ తమ్ముడివి. 2024-25లో ఎ గ్రేడు ధాన్యానికి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,320, అంటే 75 కిలోల బస్తా 1,740. పది బస్తాలకు 17,400. దమ్ము ట్రాక్టరు, నాటు కూలి, ఎరువు, పురుగుమందు, కోత మిషను, గోనె సంచులు, తోలుబడి అన్నీ అతనివే. ఆ పది బస్తాలతో ఖర్చులు పూడవు. తరువాత చల్లుకునే మినుము పండితేనే అతని ఇంట్లో నాలుగు రూపాయలు కనిపించేది. మినుముకు తెగులొస్తే ఆ ఏడాదంతా మాకోసం పని చేసినట్టే. మేము మాత్రం గొడుగు కూడా తడవకుండా 22 బస్తాలు తీసుకున్నాం. దానిపైన "రైతు సాయం" కూడా మేమే తీసుకున్నాం.

సాయం డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. కాగితం మీద రైతు ఎవరో వారి వెనకే తక్కినవన్నీ వెళ్తాయి. పంట రుణం చూడండి. సకాలంలో కట్టేవారికి 4 శాతం వడ్డీకే పడే ఆ అప్పు పాస్‌బుక్కు ఉన్నవారికి సులువు. చాలామంది పంట వేయకుండానే తీసుకుని వేరే పనులకు వాడుకుంటారు. అదే సర్వే నంబరు మీద అప్పటికే అప్పు ఉందని చెప్పి కౌలుదారును బ్యాంకువారు వెనక్కి పంపుతారు. అతను వెళ్లి కమీషన్ వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయలో మూడు రూపాయలో వడ్డీకి తెచ్చుకుంటాడు. అంటే ఏడాదికి 24 శాతం, 36 శాతం. పైగా పంట ఆ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే వేయాలి. మద్దతు ధర గోడమీద పోస్టరులోనే ఉండిపోతుంది.

పంట నష్టం చూడండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు చేలల్లోనే నీళ్లలో తేలాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది, నందివాడ వైపు చేలు రోజుల తరబడి నీటి కిందే ఉన్నాయి. ఆ వరదల తరువాత వరికి ఎకరాకు 10,000 చొప్పున ప్రభుత్వం ప్రకటించింది. 2025 అక్టోబరు చివర మొంథా వచ్చి ఈనిన చేలను పడుకోబెట్టింది. ఈ పరిహారాలు ఈ-పంటలో ఎవరి పేరుందో వారి వెనక వెళ్తాయి. చాలా చోట్ల ఆ పేరు యజమానిదే, ఎందుకంటే యజమాని అలా రాయించుకున్నాడు. రైతు సేవా కేంద్రంలో ధాన్యం అమ్మినా డబ్బు పడేది ఆ పేరు మీదనే.

ఆఖరికి చావు కూడా. అప్పులు తీర్చలేక ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి రాష్ట్రం 7 లక్షలు ఇస్తుంది. కౌలు రైతు భార్య వెళ్లి అడిగితే ఆయనకు సాగు హక్కు కార్డు ఉందా అని అడుగుతారు. కార్డు లేకపోతే చనిపోయినవాడు రైతే కాదు. బ్రతికుండగా రైతు కాదన్నాం, చనిపోయాక కూడా కాదంటున్నాం.

కార్డు సంగతి చెప్పాలి. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. దాని ప్రకారం కౌలుదారుకు 11 నెలల కాలానికి సాగు హక్కు కార్డు ఇస్తారు. దానితో రుణం, బీమా, నష్ట పరిహారం, ప్రభుత్వ సాయం అడగవచ్చు. రైతు భరోసా ఉన్న రోజుల్లో సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు 13,500 రాష్ట్రమే ఇచ్చింది. అక్కడ ఇతర కులాల పేద కౌలుదారులను వదిలేశారు, అదొక అన్యాయం. కానీ అర్హత ఉన్నవాళ్లలో కూడా ఎంతోమందికి అందకపోవడానికి కారణం వేరే ఉంది. ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి.

అర్థమైందా ప్రియులారా? గడియ లోపలివైపు ఉంది. లోపల ఉన్నది మనం.

ఇప్పుడు మా ఒప్పుకోలు. మా నాన్నగారు వదిలి వెళ్లిన ఎకరం ఇరవై సెంట్లు మా పేరున ఉంది. ఆ తమ్ముడు తొమ్మిదేళ్లుగా దాన్ని చేస్తున్నాడు. మేమే బాప్తిస్మం ఇచ్చిన బిడ్డ. కార్డుల చట్టం వచ్చిన కొత్తలో కాగితం పట్టుకుని వచ్చాడు. "తరువాత చూద్దాంలే నాయనా" అన్నాం. మరుసటి ఏడాది మళ్లీ వచ్చాడు. "మనలో మనకు కాగితాలెందుకు, మాట ఉంది కదా" అన్నాం. మూడోసారి రాలేదు. ఈ-పంటలో మా పేరే రాయించాం. మిచాంగ్‌కు అతని పనలు తడిసి మొలకలొచ్చాయి. పరిహారం నెలల తరువాత మా ఖాతాలో పడింది. మేము మక్తాలో రెండు బస్తాలు తగ్గించి, చాలా ఉదారంగా ఉన్నామనుకున్నాం. అతను చేతులు జోడించి "మీ మేలు మర్చిపోను అయ్యగారూ" అన్నాడు. అతని డబ్బు మా దగ్గర పెట్టుకుని అతని చేత దండం పెట్టించుకున్నాం.

ఆ రాత్రి నిద్రపట్టక నెహెమ్యా గ్రంథం తెరిచాం. గోడ కట్టిన నెహెమ్యా గురించి మేము చాలా ప్రసంగాలు చేశాం. అయిదవ అధ్యాయం మీద ఎప్పుడూ చేయలేదు. కారణం ఇప్పుడు తెలుస్తోంది. గోడ సగంలో ఉండగా బీదలు, వారి భార్యలు కేకలు వేశారు. శత్రువుల మీద కాదు, సొంత సహోదరుల మీద. తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టామని, రాజు పన్ను కోసం అప్పు చేశామని, పిల్లలను దాస్యానికి అప్పగించవలసి వస్తున్నదని ఏడ్చారు. నెహెమ్యాకు కోపం వచ్చింది. కానీ ఆయన మొదట తనలో తాను ఆలోచించుకున్నాడని ఉంది. ఆ తరువాత పెద్దలను నిలదీస్తూ, తానూ తన సహోదరులూ తన పనివారూ కూడా అప్పులిస్తున్నామని ఒప్పుకున్నాడు. ఇకమీదట మానుదాం అన్నాడు. వాళ్లు తీసుకున్న పొలాలను, వసూలు చేస్తున్న నూరవ భాగాన్ని ఆ రోజే తిరిగి ఇచ్చేయమన్నాడు. నూటికి ఒకటి! దాన్ని నెలసరి వడ్డీగా లెక్కవేస్తే మన ఊరి భాషలో అది రూపాయి వడ్డీ. దానికే ఆయన యాజకులను పిలిచి ప్రమాణం చేయించాడు. మన ఊళ్లో రెండు, మూడు రూపాయలు నడుస్తుంటే మనం ఏ యాజకుణ్ణీ పిలవలేదు.

ఆ అధ్యాయంలో ఇంకొక మాట ఉంది. అధికారిగా నెహెమ్యాకు ప్రభుత్వం నుంచి భోజన భత్యం తీసుకునే హక్కు ఉంది. ఆయనకు ముందున్న అధికారులు తీసుకున్నారు. చట్టం ఒప్పుకుంటుంది. అయినా పన్నెండేళ్లు తీసుకోలేదు. జనుల మీద భారం ఎక్కువగా ఉంది గనుక, దేవునికి భయపడి వదిలేశాడు. ప్రియులారా, "ప్రభుత్వమే మాకిచ్చింది, మేమేమైనా దొంగిలించామా?" అనేవారికి ఈ ఒక్క మాట చాలు. చట్టం నీ చేతిలో పెట్టింది గనుక అది నీదైపోదు. దేవుని భయం ఉన్నవాడు చట్టం ఇచ్చినదాన్ని కూడా చేతిలో పట్టుకుని, ఇది ఎవరి చెమట అని అడుగుతాడు. కష్టపడే వ్యవసాయకుడే ముందుగా పంటలో పాలు పొందాలని పౌలు తిమోతికి రాశాడు. మొదట పొందవలసినవాడు ఆఖరున కూడా పొందడం లేదు.

ఈ సంగతి కిందటి నెల పెద్దల కూడికలో చెప్పాం. వచ్చిన మాటలన్నిటికీ ఇక్కడ జవాబిస్తాం.

మొదటి మాట: "సంతకం పెడితే భూమి పోతుంది." ఈ భయం ఊరికే పుట్టలేదు. 1956 నాటి కౌలుదారీ చట్టం గురించి మన తాతల కాలం నుంచి వింటున్నాం, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను చూశాం. అందుకే నోటిమాట కౌళ్లు నడిచాయి. కానీ 2019 చట్టం ఆ భయం పోగొట్టడానికే చేశారు. కార్డు పంట మీద హక్కు ఇస్తుంది, భూమి మీద కాదు. 11 నెలలకు దాని గడువు ముగుస్తుంది. రైతు భరోసాలో కూడా కౌలుదారుకు ఇచ్చింది యజమాని డబ్బులోంచి కోసి ఇవ్వలేదు, విడిగా ఇచ్చారు. మనం సంతకం పెట్టకపోతే మనకు మిగిలేదేమీ లేదు. అతనికి పోయేది మాత్రం చాలా ఉంది. తనకేమీ లాభం లేకపోయినా ఎదుటివాడి నష్టాన్ని ఆపకపోవడాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

రెండో మాట: "అందరు యజమానులూ ధనవంతులు కారు." నిజమే. మన సంఘంలో విధవరాలైన అమ్మలున్నారు. ఉన్న ఎకరం చేసే ఓపిక లేక కౌలుకిచ్చి, ఆ బస్తాల మీదే మందులు కొనుక్కుంటున్నారు. వారిని మేము ఒక్క మాట అనం. ఆ అమ్మ తన ఎకరం మీద వచ్చిన సాయం తినవచ్చు, దేవుడు ఆమెకు లెక్క రాయడు. అయితే సంతకం పెట్టడానికి ధనం అక్కరలేదు. ఆ అమ్మ కూడా కలం పట్టుకోగలదు. మేము అడుగుతున్నది ముఖ్యంగా జీతాలు, అద్దెలు, వ్యాపారాలు ఉండి, ఈ 20,000 ఎప్పుడు పడిందో కూడా గుర్తులేనివారిని.

మూడో మాట ఒక పెద్దాయన వాక్యం తీసి చెప్పారు. ద్రాక్షతోటను గుత్తకు తీసుకున్న కాపులు యజమాని కుమారుణ్ణి చంపారు కదా, కౌలుదారులను నమ్మవద్దని ప్రభువే చెప్పాడు కదా అని. అయ్యా, ఆ ఉపమానంలో యజమాని దేవుడు. ఆ కాపులు ఎవరు? మత్తయి 21వ అధ్యాయం చివర చూడండి. ప్రధాన యాజకులు, పరిసయ్యులు అది తమను గూర్చే చెప్పాడని గ్రహించారు. అంటే మందిరం పెద్దలు. అంటే మేము, మీరు. దేవుని తోటలో కౌలుకుండి, పండినదంతా మాదే అన్నది మనమే. లేవీయకాండము 25లో దేవుడు భూమి తనదనీ, మనం ఆయన దగ్గర పరవాసులమనీ చెప్పాడు. పాస్‌బుక్కు ఎవరి పేరున ఉన్నా పైన అసలు పట్టాదారు ఒక్కడే. మనమందరం ఆయన కౌలుదారులమే, అదీ కార్డు లేని కౌలుదారులం. ఆయన కృపను బట్టే ఏడాదికేడాది గడుస్తోంది.

నాలుగో మాట: "పాస్టరుగారికి రాజకీయాలెందుకు?" ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం ఇచ్చినప్పుడు ఇది రాజకీయమని మాలో ఎవరమైనా అన్నామా? తీసుకునేటప్పుడు ఆశీర్వాదం, పంచేటప్పుడు రాజకీయమా? కోతవారి కూలి బిగపట్టబడి మొరపెడుతున్నదని, ఆ మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చేరిందని యాకోబు రాస్తే అది పత్రిక అయింది. మేము రాస్తే రాజకీయమా?

ప్రభుత్వాలను కూడా వదలం. కౌలుదారులను గుర్తించడం చేతకాని పని కాదు. పశ్చిమ బెంగాలులో 1978 నుంచి ఆపరేషన్ బర్గా పేరుతో అధికారులు గ్రామాలకు వెళ్లి, కౌలుదారులను నలుగురిలో అడిగి పేర్లు రాసుకున్నారు. ఆ రాతల వల్లే తరువాత కృషక్ బంధు పథకంలో అక్కడి భాగస్వామ్య రైతులకు చోటు దొరికింది. ఒడిశాలో 2018 చివర ప్రకటించిన కాలియా పథకంలో భాగానికి సాగు చేసేవారిని, భూమిలేని వ్యవసాయ కుటుంబాలను కూడా కలిపారు. పొరుగు రాష్ట్రం చేసినది మనకు రాదా? పొలంలో నిలబడి ఉన్నవాడి ఫోటో తీసి ఈ-పంటలో నమోదు చేసే యంత్రాంగం ఉన్నప్పుడు, ఆ మనిషి పేరు రాయడానికి ఇంకొకరి సంతకం ఎందుకు? యజమాని సంతకం లేకుండా, గ్రామసభలో నలుగురి సాక్ష్యంతో కార్డు ఇవ్వాలని ప్రతి సభ్యుడూ తన ఎమ్మెల్యేను అడగాలి. ఏ పార్టీ అయినా సరే. కౌలుదారుకు ఓటు ఉంది గాని యజమానికి పలుకుబడి ఉంది. ఇన్నాళ్లూ పలుకుబడే గెలిచింది.

కానీ ప్రభుత్వం మారేదాకా మనం మారకుండా కూర్చోవాలా? బోయజు రాజు శాసనం కోసం ఎదురుచూడలేదు. ఏరుకునే రూతు కోసం పనలలోనుంచి పరిగె కావాలనే జారవిడవమని కోతవాళ్లకు చెప్పాడు. ఆయన యజమానే. మంచి యజమాని. మేము యజమానులకు శత్రువులం కాము, బోయజు లాంటి యజమానులు కావాలంటున్నాం.

మేము ఏం చేశామో చెప్పి ముగిస్తాం, గొప్పకు కాదు, ఆలస్యంగా చేశాం గనుక. ఆ తమ్ముణ్ణి ఇంటికి పిలిచి, మిచాంగ్ పరిహారంలో అతనికి రావలసింది లెక్కకట్టి ఇచ్చాం. ఆగస్టులో వచ్చిన 7,000 ఇచ్చాం. అతను తీసుకోనన్నాడు. "ఇది అప్పు కాదు, దానం కాదు, నీదే" అని చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటే మాకు శిక్ష. రైతు సేవా కేంద్రానికి ఇద్దరం కలిసి వెళ్లి కార్డు కాగితం మీద సంతకం పెట్టాం, ఈ-పంటలో పేరు మార్పించాం. నవంబరు 19న రెండో విడత పడిన రోజే అతని చేతికి అందింది. ఆ రోజు దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు కూడా. 1977లో ఆ నీళ్లు పట్టాదారునీ కౌలుదారునీ వేరు చేసి చూడలేదని మా పెద్దలు చెబుతుండేవారు.

ఇక మీ వంతు. పొలం కౌలుకిచ్చిన ప్రతి కుటుంబాన్నీ మూడు పనులు చేయమని అడుగుతున్నాం. కార్డు మీద సంతకం పెట్టండి. ఈ-పంటలో చేసేవాడి పేరే రాయించండి, మీరు పంట వేయని భూమి మీద పంట రుణం తీసుకోకండి. మీకు అవసరం లేని సాయం డబ్బు అతనికివ్వండి, లేదా మక్తాలో ఆ మేరకు తగ్గించండి. ఇవి చేయకుండా "రైతు డబ్బులు వచ్చినందుకు" అని కవరు మీద రాసి ఇస్తే, ఇకమీదట మేము వేదిక మీదనుంచి చదవం. కానుక పీఠం మీద పెట్టకముందు నీ సహోదరునితో సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పాడు. ఆ సహోదరుడు దూరంగా లేడు, వెనక వరుసలో చాప మీద కూర్చున్నాడు. దీనివల్ల మా సంఘానికి కానుకలు తగ్గవచ్చు. తగ్గనివ్వండి.

కౌలు చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. అడగడానికి సిగ్గుపడకండి. మీరు భిక్ష అడగడం లేదు. మీ యజమాని మీ సంఘ పెద్దే అయినా, మీ పాస్టరే అయినా అడగండి. మేము రెండుసార్లు కాదన్నాం. మూడోసారి అడగవలసింది అతను కాదు, మేమే.

ప్రేమగల తండ్రీ, భూమి నీది, దాని సంపూర్ణత నీది. నీ దగ్గర కౌలుకున్న మేము సహోదరుని పాలు మా పాలుగా తిన్నందుకు క్షమించుము. సంతకం పెట్టడానికి వణికే మా చేతులను స్థిరపరచుము. తుఫానులో పనలు కాపాడుకునే నీ బిడ్డలను, వారి ఇండ్లను, వారి మినుము చేలను కాపాడుము. మా ఆమేన్ మా నోటిలోనే కాక మా లెక్కల్లోనూ ఉండునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.